గింజ మాట వినే పన్ను

"గింజ కొరికావు కదూ," అంది చిగుళ్ల డాక్టరు.

అది ప్రశ్న కాదు, తీర్పు. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకుని ఉన్న మనిషి ఆమెకు పేషెంటు మాత్రమే కాదు, కన్నతల్లి. నెత్తిమీద దీపం వెలుగులో కుడివైపు కింది దవడపన్ను కనిపిస్తోంది. నాలుక వైపు దాని చిగురు అంచు విచ్చుకుని, ఎర్రగా ఉబ్బింది. తను ఎంతో ఓపికగా పరిచి, చిగురుతో కప్పి, కుట్లు వేసిన పలచటి పొర ఆ సందులోంచి తెల్లగా బయటికి చూస్తోంది. దాని పక్కన ఉప్పురవ్వల్లాంటి రేణువులు కొన్ని. అది ఎముక పొడి. లోపల కుదురుగా కూర్చుని ఎముకగా మారాల్సింది, ఉమ్ములో కలిసి కొట్టుకుపోతోంది.

తల్లి నోరు మూసింది. "కొరికానేమో," అంది.

"ఏమో ఏంటమ్మా? నోరు నీది, పన్ను నీది. కొరికితే నీకు తెలియదా?"

"అలవాటున పోయింది లేవే."

"అలవాటున పోయిందా? ఆ పొడి పెట్టడానికి నేను నీ నోట్లో తలదూర్చి కూర్చున్నది దేనికి? నడుం పడిపోయింది నాకు. పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాను. ఆరు నెలలు ఆ పక్కన గింజ కాదు, అన్నం మెతుకు కూడా పడకూడదని. ఆరు నెలలు నోటికి తాళం వేసుకోలేని దానివి, ఆ పన్ను నిలబెట్టమని నా కాళ్లావేళ్లా ఎందుకు పడ్డావు? ఆ రోజే పీకించుకోవలసింది."

పక్కన నీళ్లు పీల్చే గొట్టం పట్టుకున్న నర్సు ఎటు చూడాలో తెలియక గొట్టం వైపే చూస్తూ నిలబడింది.

మామూలుగా అయితే ఆ తల్లికి ఒక మాట అంటే పది మాటలు తిరిగొస్తాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. "సరేలేవే, తప్పయిపోయింది," అని కుర్చీ దిగి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తన తల్లి నోటి నుంచి 'తప్పయిపోయింది' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక విన్నది లేదే అని కూతురికి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. కోపంలో ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మౌనం ఒప్పుకోలులాగే కనిపిస్తుంది. ఇంకోటి కూడా తట్టింది గాని పక్కకు తోసేసింది. గింజ కొరికితే చిగురు నలుగుతుంది. ఇలా సూదితో దారి తీసినట్టు నిలువునా చీలదు.

ఆ తల్లిని ధాన్యం మిల్లులో అందరూ కొరుకుడక్క అంటారు. గింజనీ కొరుకుతుంది, మనిషినీ కొరుకుతుంది. బస్తాలు దిగగానే ఇనపగొట్టం ఒకటి పట్టుకుని వస్తుంది. గోనె కడుపులో పొడిచి, లోపలి గింజలు అరచేతిలోకి దులుపుకుంటుంది. ఒక గింజ కుడి దవడపళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. కటుక్కుమని చిట్లితే ఎండిన సరుకు. మెత్తగా నలిగితే తేమ. ఆ రెంటికీ మధ్య ఇంకా చాలా ఉన్నాయనీ, అవి చెవికి అందవు, పంటికే తెలుస్తాయనీ అంటుంది.

"మా సరుకు ఎలా ఉందక్కా?" అని బండివాడు అడిగితే, "నీ మాటల్లాగే ఉందిరా. పైకి పొడి, లోపలంతా నీళ్లు," అని బస్తా పక్కన పెట్టించేది. బండివాడు మొహం మాడ్చుకున్నా మళ్లీ ఆ మిల్లుకే వచ్చేవాడు. ఆమె మంచి సరుకును చెడ్డదని ఎప్పుడూ అనలేదు.

తేమ చూసే మిషను ఎప్పుడో వచ్చింది. బల్లమీద కూర్చుని గుప్పెడు గింజలు మింగి ఒక అంకె చెబుతుంది. మిల్లు యజమాని ఆ అంకె చూసి, తర్వాత ఆమె మొహం చూస్తాడు. ఇద్దరి మాటా కలిస్తే బస్తా లోపలికి. కలవకపోతే గుట్టంతా విప్పిస్తాడు. అలా ఆ మిషను పక్కన స్టూలు ఒకటి ఆమెకు స్థిరపడిపోయింది.

ఆ స్టూలుకు ఆధారం కుడి దవడపన్నే. ఎడమవైపు పళ్లు కొన్నేళ్ల కిందటే పుచ్చిపోతే కూతురి బావగారు పీకేసి, ఎముకలో స్క్రూ బిగించి పైన పింగాణీ పన్ను పెట్టాడు. పన్ను దివ్యంగా ఉంది. రాళ్లయినా నములుతుంది. కాని దాని మధ్య గింజ పెడితే ఏమీ తెలియలేదామెకు. "పని చేస్తుంది గాని మాట రాదు దీనికి," అని నిట్టూర్చింది.

ఎందుకు రాదో కూతురు చెప్పింది. సొంత పన్ను ఎముకలో దిగేసిన మేకు కాదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారలుంటాయి. ఉయ్యాలను తాళ్లు పట్టుకున్నట్టు అవి పన్నును పట్టుకుంటాయి. గింజ మీద పన్ను ఆనినప్పుడు ఆ తాళ్లు లాగుతాయి, ఆ లాగుడే మనకు తెలిసేది. స్క్రూ అలా కాదు, గోడకు కొట్టిన మేకు. మేకుకి ఏం తెలుస్తుంది?

అందుకే కుడి దవడపన్ను కదలడం మొదలుపెట్టినప్పుడు తల్లీకూతుళ్లిద్దరికీ గుండె జారింది. ఎక్స్‌రేలో చూస్తే పన్ను వేళ్లు రెండుగా చీలే చోట ఎముక చెదలు తిన్న గుంజ మొదలులా బోలుపోయింది.

బావగారు ఎక్స్‌రే వెలుగుకి ఎత్తి చూసి, "దీనికి ఆలోచనేముందమ్మా? తీసేద్దాం. అత్తయ్యగారికి ఇంకో స్క్రూ వేస్తాను. ఈ పక్క కూడా జీవితాంతం బెంగ ఉండదు," అన్నాడు.

ఆ దంతాల ఆసుపత్రి ఆయనదే. పళ్లు పీకడంలోనూ స్క్రూలు వేయడంలోనూ ఆయనది లాఘవం ఉన్న చెయ్యి. ఆయన తమ్ముడు, అంటే చిగుళ్ల డాక్టరు మొగుడు, వెనకగదిలో పళ్లకు తొడుగులు పోస్తాడు. ఆమె చిగుళ్లు చూస్తుంది. ఒక ఇల్లు, ఒక ఆసుపత్రి, మధ్యాహ్నం ఒకే బల్లమీద భోజనం.

"తీయొద్దు బావగారూ. నేను ఎముక పెంచుతాను," అంది ఆమె.

"పెంచు. మా ఇంటి కోడలు ఎముకలు నాటుతుంది, మనం నీళ్లు పోద్దాం," అని నవ్వాడు.

ఆమె చిగురు విప్పింది. పాచి పట్టిన పంటి వేళ్లు గీకి శుభ్రం చేసింది. బోలుపోయిన చోట ఎముక పొడి నింపింది. పైనుంచి చిగురు ముందే దిగిపోయి ఆ చోటు ఆక్రమించకుండా పొర అడ్డం పెట్టి కుట్టింది. ఈ వైద్యంలో కష్టం ఆ కోతలో లేదు, ఆ తర్వాత చూడకుండా ఉండడంలో ఉంది. ఎముక, దానితోపాటు ఆ సన్నటి నారలు అల్లుకునేదాకా ఆ చిగురు సందులో ఎవరూ ప్రోబు పెట్టకూడదు. ప్రోబంటే గీతలు గీసిన సన్నటి ఇనప పుల్ల. చిగురుకీ పంటికీ మధ్య దించి ఎన్ని గీతల లోతుందో కొలుస్తారు; ఎంత దిగితే ఎముక అంత పోయినట్టు. కుదిరిన చిగురుకు దానివల్ల ఏమీ కాదు. కుదురుకుంటున్న చిగురుకు అది గునపం. ఆరు నెలలు ఆ పంటి దగ్గరికి ప్రోబు రాకూడదని ఆమె భోజనాల దగ్గర అందరికీ చెప్పింది. "నాకు తెలియదా అమ్మా," అన్నాడు బావగారు.

ఆయనకు తెలుసు. ఆయన చేతికి తెలియదు. కుండలవాడు కుండ కనబడితే వేలితో మోగించకుండా దాటిపోలేనట్టు, నోరు కనబడితే చాలు, ఆయన చెయ్యి ట్రే మీదికి పోయి ప్రోబు అందుకుంటుంది. మాట్లాడుతూనే కొలిచేస్తాడు. ఒకసారి పెళ్లిచూపుల్లో పిల్ల నవ్వితే జేబు తడుముకున్నాడని తమ్ముడు చాటుగా చెప్పి నవ్వేవాడు.

తల్లిని తిట్టి పంపిన ఆ మధ్యాహ్నం వెనకగదిలో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బల్ల మీద ఒక పక్క అచ్చులు, మైనం ముక్కలు, పాలిష్ చేయాల్సిన తొడుగులు. రెండో పక్క కంచాలు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఏంటలా ఉన్నావు?" అన్నాడు భర్త.

"మా అమ్మ గింజ కొరికి కూర్చుంది. చేసిందంతా బూడిదలో పోసినట్టయింది."

బావగారు మజ్జిగ కలుపుకుంటూ, "పోనీలే, వదిలెయ్యమ్మా. అది ఎలాగూ నిలబడేది కాదు. మొన్న నేను చూశాగా. నాలుక వైపు ఏడో గీత దాకా దిగింది," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఏం చూశారు?"

"అదే, అత్తయ్యగారి పన్ను."

"దేంతో చూశారు?"

"దేంతో చూస్తారమ్మా, ప్రోబుతోనే. నీకేదో డబ్బా ఇవ్వడానికి వచ్చారు. నువ్వు లోపల ఎవరికో కుట్లేస్తున్నావు. ఊరికే కూర్చున్నారు కదా, రండి అత్తయ్యగారూ, ఎలా ఉందో చూద్దాం అన్నాను."

భర్త నెమ్మదిగా, "అన్నయ్యా, ఆరు నెలలు పెట్టొద్దని చెప్పింది కదా," అన్నాడు.

"చెప్పింది. చూడకపోతే నిలబడిందో లేదో ఎలా తెలుస్తుందిరా?"

"కోడి పొదుగుతున్న గుడ్డు పగలగొట్టి, లోపల పిల్ల ఉందో లేదో చూశారన్నమాట," అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచితే ఆగదని తెలుసు.

"చాల్లే తల్లీ. ప్రోబు తగిలితే పోయే ఎముక అసలు వచ్చినట్టా? నిజంగా వచ్చి ఉంటే నా ప్రోబు అక్కడే ఆగేది. దిగిందంటే లేదనేగా."

"పురిట్లో బిడ్డను తీసుకొచ్చి నేల మీద నిలబెట్టి, కాళ్లు వంగాయి కాబట్టి కుంటిది అన్నట్టుంది మీ మాట."

"సామెతలు బాగానే చెబుతావు. నేనేం బలవంతం చేయలేదు. ఆవిడే నోరు తెరిచారు."

ఆ మాట దగ్గర ఆమెకు రెండు కోపాలు వచ్చాయి. ఒకటి ఎదురుగా మజ్జిగ తాగుతున్న మనిషి మీద. రెండోది అంతకంటే పెద్దది, ఎవరి మీదో వెంటనే తెలియలేదు. పొద్దున నర్సు ముందు అన్న మాటలన్నీ వరసగా చెవుల్లో పడుతుంటే అప్పుడు తెలిసింది. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంది.

"సాయంత్రం పేషెంట్లున్నారమ్మా," అన్నాడు బావగారు.

"ఉంటారు. మీరు చూడండి. చూడడం మీకు బాగా వచ్చు కదా," అని గుమ్మం దాటింది.

మిల్లులో దుమ్ము పొగమంచులా లేచి ఉంది. తల్లి మిషను పక్కన తన స్టూలు మీదే ఉంది గాని గింజ నోట్లో పెట్టుకోవడం లేదు. అరచేతుల మధ్య నలిపి, ఊది, వాసన చూసి, ఏమీ అనకుండా బస్తా వైపు చెయ్యి ఊపుతోంది. పళ్లు కదిలిన పిల్లి ఎలుక వంక చూసినట్టుంది ఆ చూపు.

మిల్లు యజమాని ఎదురొచ్చి, "రండి డాక్టరమ్మా. మీ అమ్మ పంటికి సెలవు ఇంకా ఎన్నాళ్లండీ? గింజలు కొరకడం లేదు కదా, ఆ పళ్లన్నీ మా మీద పడుతున్నాయి. కూలీలు ఒకడొకడే జారుకుంటున్నారు," అన్నాడు.

"ఆవిడతో మాట్లాడాలి," అంది ఆమె. ఆయన ఆ మొహం చూసి, నోటిదాకా వచ్చిన ఇంకో జోకు మింగేశాడు.

ఊకగుట్ట వెనక గోడ నీడలో తల్లీకూతుళ్లు నిలబడ్డారు.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

"ఏ అబద్ధమే?"

"గింజ కొరికానని."

తల్లి కూతురి మొహం చూసింది. "కొరికి ఉన్నా బాగుండేది. అన్ని తిట్లు ఊరికే తిన్నట్టయింది," అంది.

"నవ్వించకు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆయన తెరవమంటే తెరిచేస్తావా? ఎవరు అడిగినా తెరవొద్దని చెప్పానా లేదా? దేవుడే వచ్చి అడిగినా తెరవొద్దన్నానా?"

"దేవుడొస్తే తెరిచేదాన్ని కాదే. వచ్చింది మీ బావగారు."

"అయితే?"

"అయితే ఏంటి? పిల్లనిచ్చుకున్న వాళ్లం. వియ్యాలవారింటి పెద్దమనిషి, రండి అత్తయ్యగారూ అని మర్యాదగా కుర్చీ చూపించాడు. నలుగురి ముందు తెరవనని మూతి బిగించి కూర్చోమంటావా? ఆ మాట ఇంటికొస్తుంది. సాయంత్రం ఎవరు పడాలి? నువ్వు."

"నేను పడను."

"పడతావో పడవో నాకేం తెలుసు. నేను పడ్డాను."

లోపల మిల్లు ఒకసారి ఆగి, మళ్లీ అందుకుంది.

"నొప్పి పుట్టలేదా?"

"పుట్టకేం. లోపలేదో పటుక్కుమని తెగినట్టయింది. రక్తం వచ్చింది. కొంచెం ఓర్చుకోండి అన్నాడు. ఓర్చుకున్నాను. ఓర్చుకోవడంలో మనం పెద్ద చదువులే చదివాంగా."

"మరి నాకు చెప్పొద్దా? అప్పుడే చెబితే అప్పుడే ఏదో చేసేదాన్ని. ఇన్ని రోజులు అలా వదిలేసి, అడిగితే గింజ కొరికానంటావా? నీ మొహం మీద అన్ని మాటలన్నాను. ఆ నర్సు వింటూ ఉంటే."

"అను. నువ్వంటే ఏమవుతుంది? నువ్వు నా మీద అరిచి మళ్లీ నాకే అన్నం పెడతావు. ఆయన మీద అరిస్తే అలా కాదు కదా. నీ కాపురం కంటే నాకు పన్ను ఎక్కువా?"

"నా కాపురం నీ పంటి మీద నిలబడలేదమ్మా. నిలబడితే అది కాపురం కాదు. సరే, ఆ పన్ను పోతే? స్క్రూ పంటితో వింటావా నీ గింజని?"

తల్లి పిడికిట్లో మిగిలిన గింజలు నలిపింది. వాటివైపు చూడలేదు. "వినను," అంది. "ఆ స్టూలు ఎవరికైనా ఇచ్చేస్తాడు. ఇవ్వక ఏం చేస్తాడు? మిషను పక్కన ఇంకో మూగ మిషను ఎందుకు?"

అంతసేపూ కూతురిలో ఉడుకుతున్నది అక్కడ చల్లారలేదు గాని ఒక దారిన పడింది. "రేపు పొద్దున్నే రా. ఇప్పుడు నీ నోట్లో చెయ్యి పెడితే నా చెయ్యి వణుకుతుంది. రేపు వణకదు," అంది.

మర్నాడు కొత్తగా కోత కోయలేదామె. ఇంకో కోతకు ఆ చిగురుకు ఓపిక మిగల్లేదు. విచ్చుకున్న చోటు మందునీళ్లతో కడిగింది. వదులుగా ఊడివచ్చిన రేణువులు తీసేసింది. బయటపడిన పొర అంచు మాత్రం కత్తిరించి, మిగిలినదాన్ని కదపకుండా చిగురు మీద మందు రాసింది. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో లోపలికి చూస్తే గాని తెలియదు. లోపలికి చూడకూడదు. ఆ రెండు మాటల మధ్య మళ్లీ మొదటి నుంచి ఆరు నెలలు కాచుకుని ఉండాలి.

ఇంతలో వెనకగది తలుపు తీసుకుని భర్త వచ్చాడు. చేతిలో గాజులా మెరిసే చిన్న తొడుగు. ఎవరూ అడగలేదు. అత్తగారి పళ్ల పాత అచ్చు ఉంటే దాని మీద రాత్రికి రాత్రి పోశాడు. దవడపన్నునూ దాని చుట్టూ చిగురునూ రెండు వైపులా కప్పేస్తుంది. గింజ పడ్డా, బ్రష్షు తగిలినా, ఇంకేదైనా వచ్చినా తొడుగుకే తగులుతుంది.

"మీ అన్నయ్య అడిగితే ఏం చెబుతారు?" అంది ఆమె.

"నేనేం చెబుతాను? చిన్నప్పటి నుంచీ చెప్పలేదు, ఇప్పుడు నోరెక్కడ నుంచి వస్తుంది? ఆ తొడుగే చెబుతుంది," అన్నాడు.

తొడుగు పెట్టుకున్నాక తల్లికి మాట ముద్దముద్దగా వచ్చేది. అది ఆమెకు కలిసొచ్చింది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా బావగారు, "ఏం అత్తయ్యగారూ, నా మీద కోపమా?" అని పలకరించేవాడు. ఆమె తొడుగు వైపు వేలు చూపించి, మాట రాదన్నట్టు తల ఊపేది. మిల్లులో మాత్రం అదే తొడుగుతో బండివాళ్లను మునుపటిలాగే తిట్టేది. తిట్లకు తొడుగు అడ్డం రాలేదు.

కూతురు వెనకగది భోజనం మానేసింది. తన గదిలోనే కంచం పెట్టుకునేది. పేషెంట్ల ముందు 'బావగారూ' అనేది, అవసరమైనంత వరకు. పేషెంట్లు లేనప్పుడు ఏమీ అనేది కాదు. ఆయన రెండు మూడుసార్లు మాట కలపబోయాడు.

"ఇంత పట్టుదలేంటమ్మా? ఏదో చెయ్యి అలవాటు."

"మీ అలవాటు మీ చేతిలో ఉంటే నాకేం బాధ లేదు బావగారూ. అది మా అమ్మ నోట్లో ఉంది," అంది ఆమె. ఆయన కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయాడు. తప్పని ఒక్కసారీ అనలేదు. ఆ మాట ఒకటి అని ఉంటే ఆమె కోపానికి కూర్చోవడానికి ఒక చోటు దొరికేది. దొరకలేదు కాబట్టి అది నిలబడే ఉంది.

ఆరు నెలలు నిండిన రోజు తల్లి పొద్దున్నే వచ్చి కుర్చీ ఎక్కింది. తొడుగు తనే తీసి నర్సు చేతిలో పెట్టింది. భర్త ఎక్స్‌రే తీశాడు. కూతురు పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చాలాసేపు చూసింది.

"ఏంటే, చచ్చిందా, బతికిందా?"

"ఉండమ్మా."

వేళ్లు చీలే చోట మునుపు నల్లగా ఉన్న గొయ్యి ఇప్పుడు బూడిదరంగులో నిండింది. బుగ్గ వైపు ఎముక గట్టు కట్టినట్టు లేచింది. వెనక మూల మాత్రం నల్లగానే ఉంది. సన్నగా, నిలువుగా. ఆమె ప్రోబు అందుకుని నెమ్మదిగా దించింది. బుగ్గ వైపు మూడో గీత దగ్గర ఆగింది, గట్టిగా, మూసిన తలుపు దగ్గర ఆగినట్టు. నాలుక వైపు వెనక మూలకు వచ్చేసరికి ఆరో గీత దాకా జారింది. ఆ నల్ల మూల ఎందుకు నల్లగా ఉందో ఆమెకు తెలుసు. బావగారి ప్రోబు దిగిన దారి అది.

పన్నును వేలితో కదిపి చూసింది. కదల్లేదు.

"బాగుంది," అంది. "ఇంకా బాగుండేది."

"ఉంటుందా?"

"ఉంటుంది. ఆ మూల మాత్రం నువ్వు బతికినంతకాలం కాచుకోవాలి. నేను కూడా."

తల్లి లేచి కూర్చుంది. సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. అందులో గింజలు. కూతురి వైపు చూసింది. కూతురు తల ఊపింది. ఒక గింజ కుడి దవడపళ్ల మధ్య పెట్టుకుని, మిల్లులో చేసినట్టే కళ్లు మూసుకుంది. నర్సు నీళ్ల గొట్టం ఆపేసింది. గదిలో సన్నటి చప్పుడు ఒకటి వినబడింది.

"తెలిసిందా?" అంది కూతురు.

తల్లి కళ్లు తెరవలేదు. "తెలుస్తోంది. ఇదివరకు పక్కన కూర్చుని చెప్పేది. ఇప్పుడు గోడ అవతల నుంచి చెబుతోంది. చెవి పెట్టి వినాలి."

"ఏమంటోంది?"

"ఇంకో రోజు ఎండ కావాలంటోంది."

పోల్చి వినడానికి బాగా ఎండిన గింజ ఒకటి ఏరి నోట్లో వేసుకుంది. సరిగ్గా అప్పుడే బావగారు లోపలికి వచ్చాడు. నేరుగా ఎక్స్‌రే దగ్గరికి పోయి, కళ్లజోడు పైకెత్తి చూశాడు. మొహం విప్పారింది.

"వచ్చిందే. భలే వచ్చిందే. చూశావా అమ్మా, నేను ముట్టుకున్నా వచ్చింది. నువ్వు అనవసరంగా ఆరు నెలలు మూతి ముడుచుకుని తిరిగావు."

ఆయన ముట్టుకోని చోట ఎముక వచ్చిందని, ముట్టుకున్న చోట రాలేదని, ఆ నల్లటి మూల మీద వేలు పెట్టి చూపించాలని కూతురు ముందుకు అడుగు వేసింది. తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇనపగొట్టం పట్టుకునే చేతిది.

బావగారు తన సంతోషంలో తనున్నాడు. మాట్లాడుతూనే ఆయన చెయ్యి ట్రే మీదికి వెళ్లింది. ప్రోబు దొరికింది. "ఏదీ అత్తయ్యగారూ, ఎంత వచ్చిందో నేనూ ఒకసారి చూస్తాను. నోరు తెరవండి."

తల్లి ఆయన వైపు చూసింది. మర్యాదగానే చూసింది. నోరు తెరవలేదు.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ. ఆరు నెలలు అయిపోయాయి కదా, ఇంక ఏమీ కాదు."

తలుపు దగ్గర తమ్ముడు మైనం చేతులతో నిలబడిపోయాడు. నర్సు ఈసారి గొట్టం వైపు చూడలేదు, అందరి వైపూ చూసింది. ప్రోబు గాలిలో ఆగి ఉంది. దాని కొన దీపం వెలుగులో మెరుస్తోంది.

"తెరవండి," అన్నాడాయన మూడోసారి. ఈసారి గొంతులో నవ్వు లేదు.

పెదవులు బిగించి, ఆయన కళ్లలోకి చూస్తూ, ఆమె గింజ కొరికింది. కటుక్కుమంది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. ఆయనకు కూడా.